“ఫిల్టర్ నీళ్ళే పోస్తున్న”: నల్లగొండలో ఒక బోస్టన్ ఫెర్న్ కేసు

ఈ మొక్క విషయంలో నేను రెండుసార్లు తప్పు చెప్పాను. మూడోసారి సరిగ్గా చెప్పానంటే అందులో నా తెలివి కొంతే, ఎక్కువ భాగం ఆ ఇంటి కూలర్ గడ్డిదే. నర్సరీ పెట్టి పద్నాలుగేళ్ళయింది, ఇళ్ళకు వెళ్ళి కుండీలు చూడటం కూడా నా పనిలో భాగమే. అయినా ఎక్కడ జారానో రాసి పెడితే మళ్ళీ జారకుండా ఉంటానని ఇది రాస్తున్నాను. ఇంటివాళ్ళను అడిగే రాస్తున్నాను. ఊరు నల్లగొండ అన్నది తప్ప వాళ్ళను గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు.

నేపథ్యం

మొక్క కొన్నామె రిటైరైన టీచర్. ఊరి అంచున ప్లాట్లు పడి పెరిగిన కాలనీలో సొంత ఇల్లు. జనవరిలో నా దగ్గరికి వచ్చి, “ఎప్పుడు చూసినా పచ్చగుండేది కావాలె తమ్మీ, పూలు లేకున్నా నడుస్తది” అన్నారు. హాల్లో తూర్పు కిటికీ ఉందని, ఎండ నేరుగా పడదని చెప్పారు. ఆ వెలుతురుకు బోస్టన్ ఫెర్న్ సరిపోతుందని 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో ఉన్నది ఇచ్చాను, కింద పళ్ళెంతో సహా.

ఈ రకం పుట్టిల్లు ఫ్లోరిడా, కరీబియన్ దీవులు, మధ్య అమెరికా వైపు తేమ అడవులు. నాకొచ్చిన మొక్క మాత్రం గోదావరి పక్కనున్న కడియం నర్సరీల లోడులోది. గోదావరి గాలిలో, షేడ్ నెట్ కింద పెరిగినదాన్ని తెచ్చి నేరుగా మన పొడి గాలిలో పెడితే ఆకు రాలుస్తుంది. అందుకే మూడు వారాలు నా నెట్ కిందే ఉంచి, కొత్త రెమ్మలు వేశాకే అమ్మాను. దీన్ని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. తర్వాత వచ్చిన నష్టానికి “చోటు మారింది కదా” అన్న సాకు చెల్లదు.

ఇంకో మాట. మన నల్లమలలో వానాకాలం తడి బండల సందుల్లో ఫెర్న్‌లు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఎండాకాలం ఎండిపోయి, వానలకు మళ్ళీ లేస్తాయి. ఏడాదంతా పచ్చగా ఉండే రకానికి ఆ వెసులుబాటు లేదు. ఒక్కో రెమ్మనూ నెలల తరబడి మోస్తుంది. కాబట్టి వేరు దగ్గర జరిగిన అన్యాయమంతా పాత రెమ్మల అంచుల్లో జమ అవుతూ పోతుంది. చదవడం తెలిసినవాడికి అదొక రిజిస్టర్. ఆ రిజిస్టర్ నేను ఆలస్యంగా తెరిచాను.

మొదటిసారి: ఏప్రిల్ ఆఖరు

“ఆకులు మాడిపోతున్నయి తమ్మీ. నీళ్ళు రోజూ పోస్తనే ఉన్న” అని ఫోన్. వెళ్ళి చూస్తే పాత రెమ్మల చిట్టి ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. స్టూల్ కింద నేలంతా రాలిన ఆకుపొడి. తేలు తోకలా చుట్టుకుని పైకి లేచే కొత్త మొలకలు రెండే ఉన్నాయి. ఆ సైజు కుండీలో ఆరేడు ఉండాలి.

ఇంట్లో అప్పటికే వైద్యం మొదలైంది. ఆకుల వెనక గోధుమ చుక్కలు చూసి పక్కింటివాళ్ళు పురుగన్నారు, వీళ్ళు వేపనూనె కొట్టారు. అవి పురుగులు కావు. ఫెర్న్‌కు పూలూ గింజలూ ఉండవు, ఆకు వెనక ఆ చుక్కల్లోనే సిద్ధబీజాలు తయారవుతాయి. తేడా పట్టడం సులువే. సిద్ధబీజాల చుక్కలు ఆకు ఈనెకు రెండు వైపులా వరుస తప్పకుండా ఉంటాయి. పొలుసు పురుగైతే ఇష్టమొచ్చిన చోట, కాడ మీద కూడా అంటుకుని ఉంటుంది. గోరుతో గీకితే ఊడుతుంది, చెయ్యి జిగటవుతుంది. బలానికని చిటికెడు చిటికెడు డీఏపీ ఎరువు కూడా పడింది. పైన కోడిగుడ్డు పెంకుల పొడి.

హాల్లో మధ్యాహ్నం రెండింటికి నా జేబు మీటర్ గాలిలో తేమ 24 శాతం చూపించింది. ఈ మొక్కకు కనీసం 50 కావాలి. ఆ 24 చూశాక నేను ఆలోచించడం ఆపేశాను. నిజంగా జరిగింది అదే. నల్లగొండలో ఏప్రిల్, బయట 42 డిగ్రీలు, ఎదురుగా తేమ ప్రాంతపు మొక్క. కారణం చేతికందేంత దగ్గర కనిపిస్తే ఇక వెతకబుద్ధి కాదు.

అలవాటు కొద్దీ ఒక ప్రశ్న మాత్రం అడిగాను. “ఏ నీళ్ళు పోస్తున్నరమ్మా?”

“ఫిల్టర్ నీళ్ళే పోస్తున్న తమ్మీ. ఒక్క చుక్క గూడ వేస్ట్ చేస్తలేను.”

ఆర్వో నీళ్ళు పోస్తున్నారు, ఇక నీళ్ళ గురించి చూడాల్సింది లేదు అనుకుని పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాను. ఆమె అన్న రెండో వాక్యం ఎందుకన్నారో నాకు పట్టనే లేదు.

చెప్పిన సలహా ఇది. కుండీని కూలర్ ఉన్న గదిలోకి మార్చండి, కానీ గాలి సూటిగా తగిలే చోట వద్దు. కూలర్ గాలి తడిగా ఉన్నా ఆ వేగానికి ఆకు అంచులు ఆరిపోతాయి. పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, వాటి మధ్య నీళ్ళుంచి, కుండీ అడుగు నీళ్ళకు తగలకుండా పైన పెట్టండి. వేపనూనె, డీఏపీ, గుడ్డు పెంకులు బంద్. ఆకుల మీద నీళ్ళు చిలకరించమని చెప్పలేదు. దాని తేమ పది నిమిషాలు కూడా నిలవదు, చేశామన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

మే ఆఖరుకు ఆకు రాలడం తగ్గింది, కొత్త మొలకలు నాలుగయ్యాయి. ఆమె సంతోషించారు, నేను కేసు మూసేశాను. సలహా సగం సరైంది కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. గాలిలో తేమ పెరిగితే ఆకు ఆవిరి వదలడం తగ్గుతుంది, అప్పుడు వేరు నుంచి పైకి లాగే నీరు తగ్గుతుంది, ఆ నీటితో పాటు అంచులకు చేరే ఉప్పూ (అసలు దోషి అదేనని అప్పటికి నాకు తెలియదు) తగ్గుతుంది. జబ్బు అలాగే ఉంది, నెమ్మదించిందంతే. నేను నయమైందని రాసుకున్నాను.

రెండోసారి: జులై మొదటి వారం

వానలు పడ్డాయి. ఇంట్లో తేమ 72. ఫెర్న్ నవ్వాల్సిన కాలం. వెళ్ళి చూస్తే మే నెలలో వచ్చిన లేత రెమ్మల కొసలు కూడా మాడుతున్నాయి.

పొడి గాలి లెక్క ఇక్కడితో తప్పిందని అప్పుడే ఒప్పుకోవాలి. తేమ మూడింతలైనా మాడు ఆగలేదంటే మాడుకు మూలం గాలిలో లేదు. నేను మాత్రం ఒక ఊహ నుంచి దాని పక్కనున్న ఇంకో ఊహకు దూకాను: నీళ్ళెక్కువై వేరు కుళ్ళుతోందని. దానికి ఆధారం లేకపోలేదు. వానాకాలం వచ్చినా రోజూ అర లీటరు పోస్తూనే ఉన్నారు. కడియం నుంచి వచ్చిన మొక్కలకు వేరు చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది, దీనికీ ఉంది. కుండీ బోర్లించి చూశాను. సన్నని పీచు వేళ్ళు గోధుమ రంగులో ఉన్నాయి. కానీ కుళ్ళు వాసన లేదు, నలిపితే మెత్తగా ఊడి రాలేదు. కుళ్ళిన వేరు ముక్కుకే తెలిసిపోతుంది. ముక్కు లేదంటోంది, నేను “ఇప్పుడే మొదలైనట్టుంది” అని సర్దుకున్నాను.

మట్టి పైనా కుండీ అంచునా తెల్లటి పొర కూడా ఉంది. గుడ్డు పెంకుల పొడి అనుకున్నాను. పెంకుల పొడి వేయడం ఆపి రెండు నెలలు దాటింది. అంతకు మించి, పొడి మట్టి మీద పడి ఉంటుంది గానీ ప్లాస్టిక్ అంచుకు పట్టి ఎలా ఎక్కుతుంది? ఈ ప్రశ్న ఇంటికొచ్చాక కూడా నాకు తట్టలేదు.

మూడు నాలుగు రోజులకోసారి మాత్రమే నీళ్ళు పోయమని చెప్పి వచ్చాను. పది రోజుల్లో మళ్ళీ ఫోన్. “తమ్మీ, నువ్వు చెప్పినంక ఇంకా ఎక్కువైంది.” ఈసారి గొంతులో కోపం ఉంది. ఉండాల్సిందే.

మూడోసారి: కూలర్ గడ్డి

జులై మూడో వారంలో వెళ్ళేసరికి ఆమె పెరట్లో కూలర్ విప్పి కడుగుతున్నారు, సీజన్ అయిపోయిందని. పక్కల గడ్డి తట్టలు సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా, గట్టిగా, పలకల్లా ఉన్నాయి. టబ్బు అడుగున పట్టిన పెచ్చును ఆమె స్క్రూడ్రైవర్‌తో పొడుస్తున్నారు. “బోరు నీళ్ళతోని ఏడాదికోసారి గడ్డి మార్చుడే. పోయేది నీళ్ళు, మిగిలేది సున్నం” అన్నారు.

కుండీలో జరుగుతున్నది కూడా అదే కదా. మట్టిలోంచి, ఆకులోంచి ఆవిరయ్యేది నీరు ఒక్కటే. దానితో వచ్చిన ఉప్పులన్నీ అక్కడే ఉండిపోతాయి. కానీ ఇక్కడ పోస్తున్నది ఫిల్టర్ నీళ్ళు కదా? ఈసారి నోటి మాటతో ఊరుకోలేదు. “అమ్మా, ఫెర్న్‌కు నీళ్ళు ఎక్కడ పడుతరో ఒక్కసారి చూపియ్యండి” అన్నాను.

వంటింట్లోకి తీసుకెళ్ళారు. ఆర్వో మిషన్ కింద నుంచి ఒక సన్నని పైపు బకెట్లోకి వస్తోంది. వేస్ట్ పైపు. “గివే. ఫిల్టర్ నీళ్ళు.”

నేను విన్నది ఫిల్టర్ చేసిన నీళ్ళని. ఆమె చెప్పింది ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్ళని. ఇద్దరం మాట్లాడింది మంచి తెలుగే. ఏప్రిల్‌లో ఆమె అన్న “ఒక్క చుక్క గూడ వేస్ట్ చేస్తలేను” అప్పుడు నాకు అర్థమైంది. వృథా పోనివ్వకూడదని వేస్ట్ పైపు నీళ్ళు మొక్కకు పోస్తున్నారు. నీళ్ళ విలువ తెలిసిన ఇల్లాలు చేసే పనే.

టీడీఎస్ మీటర్ తీశాను, నీటిలో కరిగిన మొత్తం ఉప్పులను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది. బోరు నీరు 1,080. తాగే కుళాయి దగ్గర 70. వేస్ట్ పైపు దగ్గర 1,510. ఈ అంకెల్లో మాయ లేదు. ఆ మిషన్ పది లీటర్లు తీసుకుని మూడు లీటర్లు మంచివి ఇస్తోంది. మిగతా ఏడు లీటర్లు పదింటి ఉప్పును దాదాపు మొత్తం మోస్తాయి. అంటే లీటరుకు ఒకటిన్నర గ్రాములు. రోజుకు అర లీటరు చొప్పున నాలుగు నెలలు పోస్తే 8 అంగుళాల కుండీలోకి 90 గ్రాముల ఉప్పులు. కింద పళ్ళెం ఉంది కాబట్టి బయటికి పోయే దారి లేదు. కుండీలో కొంచెం వాననీళ్ళు పోసి, అడుగున కారినవి పట్టి మీటర్ పెడితే 3,900.

ఇంతకు ముందు అతకనివన్నీ ఇప్పుడు అతికాయి. ముందు పాత రెమ్మల అంచులు, తర్వాత లేత రెమ్మల కొసలు మాడటం. తేమ పెరిగినా ఆగకపోవడం. కుండీ అంచు మీద తెల్ల పొర. వాసన లేని గోధుమ వేళ్ళు. అన్నిటికంటే, నీళ్ళు తగ్గించగానే రోగం ముదరడం. మట్టి ఆరేకొద్దీ మిగిలిన తడిలో ఉప్పు చిక్కబడుతుంది, వేరు నీరు లాగలేకపోతుంది. నా రెండో సలహా మొక్కను దాహంతో చంపబోయింది.

ఫ్లోరైడా, ఉప్పా?

ఆమె భర్త అప్పటిదాకా వింటూ కూర్చుని, “ఇది ఫ్లోరైడే. మన నల్లగొండల మనుషుల ఎముకలనే వంచింది, ఈ ఆకులెంత?” అన్నారు. కొట్టిపారేసే మాట కాదది. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి ఇంటి మొక్కలకు ఫ్లోరైడ్‌తో కొసలు మాడతాయి. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అన్నది మన దేశపు ప్రమాణం. ఈ జిల్లాలో అంతకు మించిన బోర్లు ఎన్నో ఉన్నాయి. ఆర్వో వేస్ట్‌లో అది కూడా చిక్కబడుతుంది.

కానీ మన దగ్గర ఏది మాడినా, ఏది వంగినా ఫ్లోరైడ్ అనేయడం అలవాటైపోయింది. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతే పళ్ళెం, డీఏపీ, గుడ్డు పెంకులు ఎవరికీ గుర్తురావు. టీడీఎస్ మీటర్ మొత్తం ఉప్పులను చెబుతుంది గానీ అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, దానికి ల్యాబ్ పరీక్ష కావాలి. పరీక్ష ఫలితం ఏదొచ్చినా నేను చేయాల్సిన పని మారదు: నీరు మార్చాలి, ఉన్న ఉప్పు కడగాలి. అందుకే ఆగలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చేర్చాను, సూపర్ ఫాస్ఫేట్ వేయొద్దని. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది.

పటిక వేసి తేర్చి పోస్తే ఎట్లుంటది అని కూడా అడిగారు. మన జిల్లా పేరుతోనే ఉన్న నల్లగొండ టెక్నిక్, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వాళ్ళు తయారుచేసినది, పటికా సున్నమూ వాడేదే. అది ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది, మిగతా ఉప్పులను కాదు. మరి కాచి పోస్తే? కాస్తే నీరు తగ్గి ఉప్పు ఇంకా చిక్కనవుతుంది.

ఆమె ప్రశ్న వీటికంటే గట్టిది. “మరి పెరట్ల మందారం, గన్నేరు గివే నీళ్ళు తాగుతున్నయి గదా. వాటికేం గాలే?” గన్నేరు ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. రెండూ నేలలో ఉన్నాయి, వేళ్ళు లోతుకు పోతాయి, ప్రతి వానకూ నేల కడుక్కుంటుంది. ఫెర్న్ వేళ్ళు పైపైన, వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. ఇంట్లో కుండీకి వాన లేదు.

చేసిన పని

అదే వారం ముసురు పట్టింది. పళ్ళెం తీసేసి కుండీని రెండు రోజులు చూరు కింద పెట్టించాను. పనికొచ్చేది జల్లు కాదు, ధార. కుండీ పట్టే నీళ్ళకు ఎన్నో రెట్లు దాని గుండా పోవాలి, గంటకోసారి ఆగి మళ్ళీ పోవాలి. కారిన నీటి లెక్క మొదటి పూట చివర 1,900, రెండో రోజు సాయంత్రం 700.

తర్వాత కుండీ మార్చాను. నిజానికి కడిగిన వెంటనే వేరు కదపడం నాకిష్టం లేదు, కానీ మధ్యలో జిగట ముద్ద అలాగే ఉంటే ఉప్పు అందులోంచి నెలల తరబడి ఊరుతుంది. వేళ్ళు తెగకుండా రాలినంత మట్టి రాల్చి, కోకోపీట్, ఆకు ఎరువు, కొంచెం వర్మీ కంపోస్ట్, బొగ్గు ముక్కలు కలిపి పెట్టాను. కోకోపీట్ ఇటుకను వాననీళ్ళలో నానబెట్టి మూడుసార్లు పిండాకే వాడాను. కొబ్బరి పీచులో సహజంగానే ఉప్పుంటుంది. కడగకుండా వాడితే ఒక ఉప్పు తీసి ఇంకోటి పెట్టినట్టే.

మాడిన రెమ్మలన్నీ కోసేస్తానని ఆమె కత్తెర పట్టుకొచ్చారు. సగానికి పైగా పచ్చగా ఉన్నవి ఉంచమన్నాను. చూడ్డానికి బాగుండకపోయినా కొత్త వేరుకు తిండి పెట్టేది ఆ పచ్చదనమే. కుండీ అంచున వేలాడే దారాల్లాంటి తీగలు కూడా కోయొద్దన్నాను. అవి ఎండిన వేళ్ళు కావు. మట్టికి తగిలితే వాటి నుంచి పిల్ల మొక్కలు వస్తాయి.

ఇక ఏ నీళ్ళు? ఆర్వో తాగునీళ్ళు పోయొచ్చు. కానీ మొక్కకు మూడు లీటర్ల కోసం మురుగులోకి ఏడు పోతాయి. ఆ లెక్క ఆమెకూ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. వానాకాలం డాబా నీళ్ళు మూత ఉన్న డ్రమ్ములో పట్టుకోవాలి. మూత లేకపోతే దోమలు. డ్రమ్ము అయిపోయాక మిషన్ భగీరథ కుళాయి, ప్రభుత్వ తాగునీటి పథకానిది. అక్కడ మీటర్ 340 చూపించింది, కృష్ణా నీళ్ళు. ఆ నీళ్ళను ఓవర్ హెడ్ ట్యాంకులో బోరు నీళ్ళతో కలిపేస్తున్నారు, చాలా ఇళ్ళల్లో ఇదే కథ. అందుకే ట్యాంకుకు ఎక్కకముందే బయటి నల్లా దగ్గర పట్టి, క్లోరిన్ పోయేలా ఒక రాత్రి బకెట్లో ఉంచి పోయమన్నాను. ఎండాకాలం ఏసీ నుంచి కారే నీళ్ళు. అవి గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చేవి, ఉప్పు దాదాపు ఉండదు. వేస్ట్ పైపు బకెట్ బాత్రూముకు, ఇల్లు తుడవడానికి.

నెలకోసారి కుండీని బాత్రూములో పెట్టి అడుగు నుంచి ధారగా కారేదాకా పోయాలి. పళ్ళెంలో నిలిచినవి పారబోయాలి. ఎరువు ఆగస్టు చివరిదాకా అసలు వద్దు, ఆ తర్వాత డబ్బా మీద రాసినదాంట్లో నాలుగో వంతు.

ఆగస్టు రెండో వారంలో మొలకలు ఐదు. అక్టోబరుకు లెక్కపెట్టడం మానేశాం. పాత మాడిన రెమ్మలు ఒక్కటీ పచ్చబడలేదు. పడవని ముందే చెప్పాను, అయినా రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు.

ఇప్పుడు నేను ఎవరింటికి వెళ్ళినా “ఏ నీళ్ళు” అని అడగను. మొక్కకు నీళ్ళు పట్టే గిన్నె తీసుకుని, నా ముందే పట్టమంటాను. ఈ పద్ధతి పెట్టుకున్నాక, వేస్ట్ పైపు నీళ్ళు పోసే ఇళ్ళు ఇంకో నాలుగు దొరికాయి. వాటిలో ఒకటి మా అక్కయ్య ఇల్లు. కొత్త మొక్క అమ్మేటప్పుడు పళ్ళెం అడిగితేనే ఇస్తున్నాను. తెల్ల పొర కనిపిస్తే, అది ఏమిటో తేలేదాకా ఇంకో మాట మాట్లాడను.

తర్వాతి మే నెలలో దారిలో ఆగి చూశాను. వడగాలికి ఆరు రెమ్మల కొసలు మాడి ఉన్నాయి, అది గాలి పనే. కూలర్ గడ్డి మళ్ళీ సున్నం కట్టింది. ఫెర్న్ కుండీ కింద కారిన నీళ్ళకు ఆమే మీటర్ పెట్టి చూపించారు, సొంతంగా కొనుక్కున్న మీటర్. 410.